నీళ్ళు ఎందుకంటే, రోడ్డు కోసం

కాశీబుగ్గలో మధ్యాహ్నం మూడు గంటలు. మెట్లెక్కి పెళ్ళి వీడియోల స్టూడియోలో అడుగుపెడతారు. జీడి పిక్కలు కాలుతున్న వాసన మీ వెనకే వస్తుంది. ఏసీ ఉంది, కానీ వెయ్యలేదు. ఈ కంప్యూటర్ పెట్టె ఏసీ లేని చోట నడవాలి, అందుకని ఇక్కడా అలాగే చూడాలంటాడు స్టూడియో కుర్రాడు.

బల్ల మీద పక్క రేకులు ఊడదీసిన కూలర్ మాస్టర్ ఎన్ఆర్200 కేసు. 18.25 లీటర్ల పెట్టె, బైకు మీద ఇద్దరి మధ్య పట్టేస్తుంది. పొద్దున కట్టిన తాళిని రాత్రి రిసెప్షన్‌లో తెర మీద చూపించాలంటే ఎడిటింగ్ సోంపేటలోనో వజ్రపుకొత్తూరులోనో మండపం వెనకే జరగాలి. అందుకే చిన్న పెట్టె. ప్రాసెసర్ మాత్రం చిన్నది కాదు: రైజెన్ 9 7950ఎక్స్, 16 కోర్లు, పూర్తి లోడులో 230 వాట్ల దాకా లాగుతుంది. ఆ వేడి దించడానికే నీటి కూలర్ బిగిస్తున్నారు.

“నీళ్ళు పెడితే ఐసులాగుంటాది కదేటన్నా?”

“ఉండదురా. గది 34 డిగ్రీలుంటే నీళ్ళు అంతకన్నా కిందికి దిగవు. వేడిని ఇక్కడ ఎత్తి అక్కడ పారబోస్తాయి, అంతే,” అంటాడు బిగించడానికొచ్చిన అన్న, స్క్రూడ్రైవర్ నోట్లోంచి తీసి.

“మరి ఏ నీళ్ళు పొయ్యాలి?”

కిడ్నీ జబ్బుతో ఏళ్ళకేళ్ళు వేగుతున్న ఈ ఉద్దానం ప్రాంతంలో నీళ్ళ గురించి ఇది ఊరికే అడిగే ప్రశ్న కాదు. ఈ కూలర్‌లో మాత్రం పొయ్యాల్సిందేమీ లేదు. గ్లైకాల్ కలిపిన ద్రవం కంపెనీలోనే నింపి మూసేశారు. రాగి పలక ప్రాసెసర్ మీద కూర్చుంటుంది, పంపు ద్రవాన్ని రబ్బరు గొట్టాల్లోంచి అల్యూమినియం రేడియేటర్‌కి తోస్తుంది, ఫ్యాన్లు ఆ వేడిని బయటికి ఊదుతాయి.

37 మిల్లీమీటర్ల పొట్టి గాలి కూలర్ ఈ ప్రాసెసర్ ముందు నిలవదు. 155 మిల్లీమీటర్ల ఎత్తుదైతే ఈ కేసులో పడుతుంది, స్టూడియోలోనే ఉంచే యంత్రమైతే దానితో సరిపెట్టుకోవచ్చు కూడా. అన్న అలాంటిదొకటి మీ చేతిలో పెడతాడు. కిలోకి కాస్త తక్కువ. ఆ బరువంతా మదర్‌బోర్డుకి అడ్డంగా వేలాడుతూ కవిటి దారి గతుకుల్లో ఎగిరెగిరి పడడం ఊహించుకోండి. నీటి బ్లాకు తేలిక. బరువైన రేడియేటర్ కేసు ఇనుప చట్రానికే బిగుస్తుంది. నా ఓటు నీళ్ళకి పడింది ఇక్కడే, చల్లదనం దగ్గర కాదు.

అడుగున 240 మిల్లీమీటర్ల రేడియేటర్‌కి చోటుంది. కుర్రాడు అక్కడే పెట్టబోతాడు.

“ఆగు. అక్కడెడితే పంపే అన్నిటికన్నా పైనుంటాది. లోపలున్న గాలంతా దాన్లోకే చేరతాది. గురగురమని మోత, తర్వాత పంపే పోతాది.”

రేడియేటర్ పక్కకి మారుతుంది. సముద్రపు ఉప్పుగాలి దాని సన్నటి రెక్కల్ని మెల్లగా తింటుంది. జీడి పొట్టు, దుమ్ము వాటి మధ్య పేరుకుంటాయి. బయటివైపు జాలీ, వారానికోసారి బ్లోయర్ — అన్న చెప్పేది అంతే. ఫ్యాన్ పోతే పలాసలో కొనుక్కోవచ్చు. పంపు పోతే మొత్తం మార్చాల్సిందే.

స్విచ్ వేస్తారు. రెండరింగ్ మొదలైన కాసేపటికే తెర మీద 95 డిగ్రీలు.

“అన్నా, కాలిపోతంది!”

“కాలదు. అది అక్కడిదాకా ఎక్కేలాగే చేశారు, 95 దాటితే తనే నెమ్మదిస్తాది.”

అయినా అన్న బయోస్‌లోకి వెళ్ళి ఎకో మోడ్ 105 వాట్లకి పెడతాడు. మళ్ళీ అదే వీడియో. అంకె ఎనభై దాటదు, ఫ్యాన్ల మోత తగ్గుతుంది, రెండరింగ్ ఆలస్యమైంది కొంచెమే. ముందే ఇలా పెట్టుకుంటే గాలి కూలరే సరిపోయేదేమో అని మీకు తడుతుంది. తట్టాల్సిందే. కుర్రాడు మాత్రం పెట్టెని రెండు చేతులతో ఎత్తి గట్టిగా ఊపి చూస్తాడు. లోపల ఏదీ కదలదు.

“రేకులు బిగించన్నా. ఆరింటికి సోంపేటలో ఉండాల.”