ఎలిఫెంటైన్ వివాహ పత్రములు: స్త్రీ ఆస్తికి వ్రాతపూర్వక రక్షణ

వివాహ సమయంలో ఆస్తి విషయమై వధూవరులు కాగితం వ్రాసుకొనడం పాశ్చాత్యుల ఆచారమని, అది ఒకరినొకరు నమ్మకపోవడానికి గుర్తని మన సంఘాలలో పెద్దలు అంటూ ఉంటారు. మేమూ చాలాకాలం అలాగే తలంచాము. అయితే ఎజ్రా, నెహెమ్యాల కాలంలోనే ఐగుప్తులో నివసించిన యూదులు ఇటువంటి పత్రములను ఎంతో శ్రద్ధగా వ్రాయించుకున్నారు. వాటిలో కొన్ని నేటికీ నిలిచి ఉన్నాయి.

ఐగుప్తు దక్షిణపు సరిహద్దున, నేటి అస్వాన్ పట్టణానికి ఎదురుగా, నైలు నదిలో ఎలిఫెంటైన్ అనే ద్వీపం ఉన్నది. అస్వాన్ యెహెజ్కేలు 29:10లోని సెవేనేయే. క్రీ.పూ. 5వ శతాబ్దంలో పారసీక రాజుల కొలువులో యూదా సైనికులు కుటుంబాలతో అక్కడ కాపురముండేవారు. యెహోవాకు ఒక ఆలయం కూడా కట్టుకున్నారు, అది క్రీ.పూ. 410లో ధ్వంసమైంది. వారి పత్రములు ఎజ్రా, దానియేలు గ్రంథాలలోని కొన్ని భాగాల వలె అరామిక్ భాషలో ఉన్నాయి. వీటిలో కొన్నింటిని చార్లెస్ విల్బర్ అనే అమెరికా దేశస్థుడు 1893లో కొని తన పెట్టెలో దాచుకున్నాడు. 1896లో అతడు మరణించిన తర్వాత అర్ధ శతాబ్దం పాటు వాటి సంగతి ఎవరికీ తెలియలేదు. అతని కుమార్తె మరణానంతరం 1947లో అవి బ్రూక్లిన్ మ్యూజియానికి చేరాయి. 1953లో ఎమిల్ క్రేలింగ్ వాటిని ప్రచురించాడు.

వాటిలో క్రీ.పూ. 449 నాటి ఒక వివాహ పత్రము మనం ప్రత్యేకంగా చూడదగినది. వరుడు అజర్యా కుమారుడైన అనన్యా, యెహోవా ఆలయంలో సేవకుడు. వధువు తామెత్ ఐగుప్తీయురాలు, పైగా మెషుల్లాము అనే యూదుని దాసి. ఆమె వెంట తెచ్చుకొన్నవి ఒక ఉన్ని వస్త్రం, ఒక అద్దం, ఒక జత చెప్పులు, కొంచెం పరిమళ తైలం, కొంత ఆముదం, ఒక పళ్లెం. మొత్తం విలువ సుమారు 7 షెకెలులు (మన తెలుగు బైబిలు తులము అనేది దీనినే). ఇంత స్వల్పమైన సామగ్రినైనా లేఖికుడు ఒక్కొక్కటిగా వ్రాశాడు. చెప్పులను కూడా వదలలేదు. పత్రంలో దిద్దుబాట్లు కూడా కనబడతాయి. బేరసారాలు సాగుతుండగా వ్రాసినవారు ఇలాగే దిద్దుతారని మన గ్రామాల్లో కరణాల దస్తావేజులు చూసినవారికి తెలుసు.

తర్వాతి షరతులు చదివినవారికి ఆశ్చర్యం కలుగుతుంది. భర్త సమాజం ఎదుట నిలిచి భార్యను ద్వేషిస్తున్నానని చెబితే "ద్వేషపు వెండి" ఏడున్నర షెకెలులు ఆమెకు చెల్లించాలి. ఆమె తెచ్చుకొన్నదంతా, గడ్డిపరక కూడా మిగలకుండా, ఆమెతో వెళ్లాలి. భార్య అదే మాట చెబితే ఆమె కూడా అంతే మొత్తం చెల్లించాలి. అయినా తన వస్తువులు తనవే. దాసికి కూడా యజమానుని కొలతే!

ఇక్కడ వేదాంత విద్యార్థులు గమనించవలసిన విషయం ఒకటున్నది. పరిత్యాగానికి ఈ పత్రములు వాడిన "ద్వేషించుట" అనే ధాతువే ద్వితీయోపదేశకాండము 24:3లోనూ, మలాకీ 2:16లోనూ ఉన్నది. మలాకీ వచనం అర్థం విషయంలో పండితులు నేటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. ఆ చర్చలో ఎలిఫెంటైన్ వాడుకను విడిచిపెట్టడానికి వీలులేదు. అలాగే మార్కు 10:12లో భార్య భర్తను విడనాడుట గూర్చిన మాట కేవలం రోమా పాఠకుల కొరకు చేర్చబడినదని కొందరు వ్యాఖ్యాతలు అంటారు. యూదులలో కనీసం ఒక సమాజంలో అట్టి హక్కు వ్రాతలో ఉన్నదని తెలిసిన తర్వాత ఆ మాటను అంత సులభంగా అంగీకరించలేము.

అనన్యా కథ ఆ పత్రంతో ముగియలేదు. క్రీ.పూ. 437లో అతడు 14 షెకెలులకు ఒక పాత ఇల్లు కొన్నాడు. దాని హద్దులలో యెహోవా ఆలయం పేరు కూడా ఉన్నది. 434లో ఆ ఇంటిలో ఒక భాగాన్ని, ప్రేమతో ఇస్తున్నానని పేర్కొంటూ, తామెత్ పేర వ్రాశాడు. ఆమెకు దాస్య విముక్తి కలిగినది 427లో మాత్రమే. అంటే ఇల్లు వచ్చేనాటికి ఆమె ఇంకా దాసియే. 420లో వారి కుమార్తె యెహోయిష్మా వివాహమైనప్పుడు ఆమె సామగ్రి విలువ 78 షెకెలులు. తల్లి వెంట వచ్చినది ఏడే!

అదే ద్వీపంలో మహసేయా కుమార్తె మిబ్తహ్యా అనే సంపన్నురాలు ఉండేది. క్రీ.పూ. 459లో తండ్రి ఆమెకు ఇంటి స్థలం ఇచ్చి, అల్లుడైన యెజన్యాకు వేరొక పత్రం వ్రాశాడు: అక్కడ కట్టుకోవచ్చు, కాపురముండవచ్చు, అమ్మకూడదు. ఆమె అతనిని విడిచి స్థలం తిరిగి కోరితే, కట్టిన శ్రమకు బదులుగా సగం అతనికి ఉండాలి. తర్వాత ఆమె ఎస్హోరు అనే ఐగుప్తీయ శిల్పిని వివాహమాడింది. అతడు ఆమె తండ్రికి ఓలిగా 5 షెకెలులు ఇచ్చాడు. సంతానం లేకుండా అతడు చనిపోతే అతని ఇల్లు, సొత్తు ఆమె వశమవుతాయి. ఆమెను వెళ్లగొట్టజూసిన వారెవరైనా 200 షెకెలులు చెల్లించాలి.

ఈ ప్రజలను మనం సిద్ధాంతానికి ఆదర్శంగా తీసుకోము. మిబ్తహ్యా ఒక వ్యాజ్యంలో ఐగుప్తు దేవత పేరట ప్రమాణం చేసింది కూడా. అయితే యిర్మీయా సైతం అనాతోతు పొలానికి క్రయపత్రం వ్రాసి, సాక్షులను పిలిపించి, ముద్ర వేయించాడు (యిర్మీయా 32). దేవుని వాగ్దానం ఉన్నది గనుక కాగితం అక్కరలేదని ప్రవక్త అనలేదు.

ఆ 200 షెకెలుల షరతు చదివినప్పుడు మాకు ఒక సంఘ సభ్యురాలు జ్ఞాపకం వచ్చింది. వివాహమైన నాలుగవ ఏట భర్త మరణించాడు. పుట్టింటివారు పెట్టిన బంగారం అత్తవారింటి బీరువాలో ఉండిపోయింది. అది ఆమెది అనడానికి ఆధారం లేదన్నారు. వివాహం జరిపించినది మేమే గనుక మమ్మును సాక్ష్యమడిగారు. ప్రధానం నాడు లోపలి గదిలో మాటలు జరిగినప్పుడు మేము బయట వరండాలో కూర్చున్నాము. ఏమి పెట్టారో, ఎంత పెట్టారో మాకు తెలియదు. ఏమీ చెప్పలేకపోయాము.

1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం మనం నింపే రిజిస్టరులో ఆస్తికి గడి లేదు. అయితే 1961 వరకట్న నిషేధ చట్టం కింద 1985లో వచ్చిన నియమాలు, అడుగకుండా ఇచ్చిన కానుకలకు వధువు ఒక జాబితా, వరుడు ఒక జాబితా ఉంచుకోవాలని చెబుతాయి. వస్తువు, దాని సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, వారి బంధుత్వం వ్రాసి ఇద్దరూ సంతకం చేయాలి. కట్నం అడగడం, ఇవ్వడం, పుచ్చుకొనడం నేరములే. ఈ జాబితా దానికి ముసుగు కాకూడదు. ఆ హెచ్చరికతోనే అంటున్నాము, అనన్యా లేఖికుడు తామెత్ చెప్పులకు చేసిన పని ఇదే. ఇన్నేళ్ల పరిచర్యలో అటువంటి జాబితాను మేము రెండుసార్లు మాత్రమే చూశాము. ఇప్పుడు ప్రధానానికి వెళ్లినప్పుడు, ప్రార్థనకు ముందే, ఆ జాబితా ఎవరు వ్రాస్తున్నారని అడుగుతున్నాము. కొందరు నొచ్చుకుంటున్నారు.