విపత్తు వేళ సందేశ వారధి – హామ్ రేడియో ఆపరేటర్‌గా అర్హత పొందే విధానం
(ప్రత్యేక వ్యాసం)

తుపానులు, వరదలు, భూకంపాలు సంభవించినపుడు సహాయక చర్యలకు ఎదురయ్యే మొదటి అవరోధం సమాచార వ్యవస్థ స్తంభించడమే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటినపుడు విద్యుత్తుతో పాటు టెలిఫోన్, సెల్‌ఫోన్ సేవలు తీవ్రంగా దెబ్బతిన్న విషయం విదితమే. అటువంటి వేళ టవర్లపై ఆధారపడక, ఒక సెట్టు, 12 వోల్టుల బ్యాటరీ, తీగ యాంటెన్నాలతో సందేశాలను చేరవేయగల సాధనం అమెచ్యూర్ రేడియో. వాడుకలో దీనినే హామ్ రేడియో అంటారు.

2004 డిసెంబరు 26న సునామీ సంభవించిన సమయానికి, హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు చెందిన శ్రీమతి భారతీ ప్రసాద్ నాయకత్వంలోని బృందం పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నది. అభిరుచి కోసం నెలకొల్పిన ఆ కేంద్రం గంటల వ్యవధిలోనే అత్యవసర సమాచార కేంద్రంగా మారి, ద్వీపాలలోని వారి క్షేమ సమాచారాన్ని ప్రధాన భూభాగానికి అందించింది.

అర్హత, పరీక్ష

12 సంవత్సరాలు నిండిన భారతీయ పౌరులు ఇందుకు అర్హులు. 1978 నాటి అమెచ్యూర్ సర్వీసు నియమావళి ననుసరించి కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖలోని వైర్‌లెస్ ప్రణాళిక, సమన్వయ విభాగం (డబ్ల్యూపీసీ) పర్యవేక్షణలో పరీక్ష జరుగుతుంది. రేడియో సిద్ధాంతం–ఆచరణ, జాతీయ–అంతర్జాతీయ నిబంధనలు ఇందలి రెండు విభాగాలు. రిస్ట్రిక్టెడ్, జనరల్ అని రెండు శ్రేణులు కలవు. జనరల్ శ్రేణికి మోర్స్ సంకేతాల పరిజ్ఞానం అదనం. ఉత్తీర్ణులు లైసెన్సు పొందిన పిదప వీయూ2 లేక వీయూ3తో ప్రారంభమయ్యే కాల్‌సైన్ లభిస్తుంది. లైసెన్సు లేకుండా ప్రసారం చేయడం నేరం.

లైసెన్సు తరువాత

ధ్రువపత్రం ఆరంభం మాత్రమే. వీహెచ్ఎఫ్ చేతి సెట్ల పరిధి సాధారణంగా కొద్ది కిలోమీటర్లే; సుదూర ప్రాంతాలకు హెచ్ఎఫ్ తరంగాలు అవసరం. 7 మెగాహెర్ట్‌జ్ వద్ద సుమారు 20 మీటర్ల తీగ యాంటెన్నాగా పనిచేస్తుంది. దానిని చీకటిలో, వర్షంలో కట్టగలగడం, సందేశాన్ని ఒక్క మాట మారకుండా వ్రాసుకొని తిరిగి చదివి ధ్రువపరచుకోవడం, నియంత్రణ కేంద్రం అనుమతించే వరకు మౌనం పాటించడం నిరంతర సాధన వల్లనే అలవడుతాయి.

అధికారులు, పాత్రికేయుల దృష్టికి

పరీక్ష, ధ్రువపత్రం, లైసెన్సు అనే దశలు తుపాను హెచ్చరిక వెలువడిన తరువాత పూర్తయ్యేవి కావు. కావున లైసెన్సు గల స్థానిక ఆపరేటర్ల జాబితాను జిల్లా యంత్రాంగం ముందుగానే సిద్ధపరచుకొని, మాక్ డ్రిల్లులలో వారికి స్థానం కల్పించడం శ్రేయస్కరం. హామ్ ప్రసారాలలో రహస్య సంకేతాలకు తావు లేదు. సెట్టు గల ఎవరైనా వినవచ్చును. అందువలన మృతుల, గల్లంతైన వారి వివరాలను విన్నంత మాత్రాన ప్రచురించక, సంబంధిత అధికారుల ధ్రువీకరణ పొందవలసి ఉంటుంది.