చెర్రీ కౌంటీ, నెబ్రాస్కా

చెర్రీ కౌంటీ అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రపు ఉత్తర అంచున, సౌత్ డకోటా సరిహద్దును ఆనుకుని ఉంది. విస్తీర్ణంలో నెబ్రాస్కా కౌంటీలన్నిటిలోకీ పెద్దది. సుమారు 15,500 చదరపు కిలోమీటర్లు, అంటే కనెక్టికట్ రాష్ట్రం కంటే ఎక్కువ. 2020 జనగణన ప్రకారం జనాభా మాత్రం 5,455. అందులో దాదాపు సగం మంది కౌంటీ కేంద్రమైన వాలెంటైన్‌లోనే ఉంటారు. కౌంటీ 1883లో ఏర్పడింది. అంతకు రెండేళ్ల ముందు హతుడైన నయోబ్రారా కోట సైనికాధికారి శామ్యూల్ చెర్రీ పేరు దీనికి పెట్టారు.

ఈ నేలంతా చాలావరకు ఇసుకే. పశ్చిమార్ధగోళంలోకెల్లా పెద్దదైన శాండ్‌హిల్స్ ఇసుక దిబ్బల ప్రాంతంలో ఇదొక భాగం. గడ్డి వేళ్లు పట్టి ఉంచబట్టే దిబ్బలు కదలకుండా నిలిచాయి. పశువులు పదేపదే నడిచిన చోట గడ్డి పొర చిరిగితే చాలు, గాలి ఇసుకను తోడేసి గుంట చేస్తుంది. అది ఏటేటా పెరుగుతుంది. రైతులు అందులో ఎండుగడ్డి, పాత టైర్లు వేసి గాలిని అడ్డుకుంటారు. ఇసుక కింద ఒగలాలా భూగర్భ జలాశయం ఉంది. పల్లాల్లో ఆ నీరే చెరువులుగా పైకి కనిపిస్తుంది. మేత పొలాల్లో గాలిమరలు దాన్ని తోడి పశువుల తొట్లు నింపుతాయి.

ఇక్కడ దున్నడం కంటే మేపడమే తెలివైన పని. అయినా 1904 నాటి కింకెయిడ్ చట్టం కుటుంబానికి 640 ఎకరాలు ఇస్తామనగానే జనం తరలివచ్చారు. మట్టిపెళ్లలు కోసి ఇళ్లు కట్టుకున్నారు. నల్లజాతి కుటుంబాలు 1907 నుంచి డెవిటీ అనే ఊరు నిర్మించుకున్నాయి. కానీ ఈ నేలలో 640 ఎకరాలు కూడా ఒక కుటుంబాన్ని పోషించలేవు. 1920లో 11,753కు చేరిన జనాభా తర్వాత సగానికి పడిపోయింది, డెవిటీ ఖాళీ అయింది. ఆ కుటుంబాల కష్టానికి దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదు. మిగిలినవి పెద్ద పశుక్షేత్రాలు. మాంసం కోసం పెంచే ఆవుల సంఖ్యలో అమెరికాలోనే ముందు వరుసలో ఉండే కౌంటీ ఇది. 1954లో నెబ్రాస్కా నుంచి సెనేట్‌కు వెళ్లిన తొలి మహిళ ఈవా బౌరింగ్ ఇక్కడి మెరిమన్ దగ్గర పశుక్షేత్రం నడిపినావిడే.

ఉత్తరాన రోజ్‌బడ్ రిజర్వేషన్‌లోని లకోటా ప్రజలపై నిఘాకు కట్టిన నయోబ్రారా కోట స్థలం 1912లో వన్యప్రాణుల ఆశ్రయమైంది. అడవిదున్నలు ఇప్పుడు అక్కడ మేస్తున్నాయి. నయోబ్రారా నదిలో 122 కిలోమీటర్ల మేర 1991 నుంచి జాతీయ రక్షణలో ఉంది. రాష్ట్రంలో అన్నిటికంటే ఎత్తైన స్మిత్ జలపాతం ఆ నది ఒడ్డునే ఉంది. వేసవిలో పడవల మీద వచ్చేవారు ఎక్కువ. ఫిబ్రవరిలో మాత్రం వాలెంటైన్ తపాలా ముద్ర కోసం దూరప్రాంతాల నుంచి ప్రేమలేఖలు వస్తాయి.

కౌంటీ తూర్పు భాగం సెంట్రల్ కాలమానాన్ని, పడమటి భాగం మౌంటెన్ కాలమానాన్ని పాటిస్తాయి. వాలెంటైన్ నుంచి మెరిమన్ వెళ్లేవారు గడియారం గంట వెనక్కి తిప్పుకోవాలి.