ఏటికి అటూ ఇటూ పుట్టిన పిల్లలు

కాళేశ్వరం దగ్గర ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది. ఇవతలి ఒడ్డు ఇప్పటి భూపాలపల్లి జిల్లా, అవతలి ఒడ్డు మహారాష్ట్రలోని సిరొంచ. 1860లో నిజాం ఎడమ ఒడ్డు తాలూకాలను ఇంగ్లీషువాళ్లకు వదులుకున్నప్పటి నుంచి వాళ్లు దేశం వదిలి వెళ్లేదాకా ఈ ఏరే రెండు పాలనల పొలిమేర. పొలిమేర పడ్డా రెండు ఒడ్లూ తెలుగే మాట్లాడాయి, పిల్లను ఇచ్చి పుచ్చుకున్నాయి. సరుకు దాటితే నిజాం కరోడ్‌గిరి శాఖ సుంకం అడిగేది. తల్లి చంకనెక్కి దాటే బిడ్డకు మాత్రం పాస్‌పోర్టు అక్కర్లేదు. కాగితాల గోల లేని ఆ రోజులే నయమని అనేవాళ్లున్నారు. ఆ మాటలో నిజం సగమే. పడవ దగ్గర అడగని కాగితాన్ని రాజ్యం మరిచిపోలేదు. ఆ బిడ్డ పెద్దయి కొలువు కోసమో పౌరసత్వం కోసమో వచ్చి నిలబడిన రోజున అడిగింది. అప్పటికి చూపించడానికి ఏమీ మిగల్లేదు. అందుకే బిడ్డ పేరిట బిడ్డకంటూ ఒక కాగితం పుట్టిన నాడే ఉండాలంటాను.

తెలుగింట తొలికాన్పు పుట్టింట్లోనే. సిరొంచ ఆడపడుచు మహదేవపూర్‌కు కోడలైతే కాన్పుకు ఏరు దాటి వెళ్తుంది, బిడ్డనెత్తుకుని తిరిగి వస్తుంది. 1914 నాటి బ్రిటిష్ జాతీయతా చట్టం పుట్టిన నేలను చూసింది కాబట్టి ఆ బిడ్డ పుట్టుకతోనే బ్రిటిష్ ప్రజ. 1919 నాటి నిజాం ముల్కీ (స్థానికుల) నిబంధనలు నేలను కాదు, తండ్రిని చూశాయి: బిడ్డ పుట్టేనాటికి తండ్రి ముల్కీ అయితే బిడ్డా ముల్కీయే. అంటే అమ్మమ్మ ఇంట పుట్టిన పెద్దవాడు రెండు పాలనలకూ చెందాడు. మెట్టినింట పుట్టిన చిన్నవాడు బ్రిటిష్ రక్షణలోని సంస్థాన ప్రజగా మిగిలాడు. అన్నదమ్ముల మధ్య ఈ గీత గీసింది తల్లి పడవ ఎక్కిన నెల. ఇంట్లో ఎవరికీ ఆ సంగతి పట్టలేదు, పట్టవలసిన పనీ అప్పట్లో లేదు. పట్టింది సర్కారు నౌకరీ దగ్గర. ముల్కీ అని రుజువు చేసుకోవాలంటే తండ్రి ఎవరో, అతను ఎక్కడివాడో చూపాలి; బయటినుంచి వచ్చినవాడైతే పదిహేనేళ్ల నివాసం చూపాలి. ఇలాంటి రుజువులను దొంగ ధ్రువపత్రాలతో తేలిగ్గా పుట్టించవచ్చని జనం కళ్లారా చూశారు. 1952లో వరంగల్‌లో మొదలైన ముల్కీ ఉద్యమం వెనక ఉన్న కోపాల్లో అదొకటి. 1975 రాష్ట్రపతి ఉత్తర్వు స్థానికతను ప్రధానంగా ఎన్నేళ్లు ఎక్కడ చదివారన్న దానితో ముడిపెట్టింది. తండ్రి ఊరి స్థానంలోకి బిడ్డ బడి రిజిస్టరు వచ్చింది. ఆ మార్పు విలువ నాకు పెద్దదిగానే కనిపిస్తుంది.

ఏరు కాక సముద్రం అడ్డమైన చోట ఇదే కథ మరింత కఠినంగా నడిచింది. 1914 నుంచి ధనుష్కోడికీ, సిలోన్ (ఇప్పటి శ్రీలంక)లోని తలైమన్నారుకూ మధ్య స్టీమర్లు తిరిగాయి. ఆ దారిలో సిలోన్ తోటలకు వెళ్లిన కూలీల్లో అత్యధికులు తమిళులు. వాళ్ల పిల్లలు తోటల్లో పుట్టారు, అక్కడే పెరిగారు. 1948లో సిలోన్ పౌరసత్వ చట్టం వచ్చి, తండ్రి ఆ దీవిలోనే పుట్టాడని చూపమంది. లేకుంటే తాత, ముత్తాతల పుట్టుక చూపమంది. తోటల్లో చాలామంది పుట్టుకలు ఏ రిజిస్టరులోనూ లేవు. 1964 అక్టోబరు 30న రెండు దేశాల ప్రధానులు శాస్త్రి, సిరిమావోల ఒప్పందం అలా పౌరసత్వం దక్కని 9,75,000 మందిని లెక్కలోకి తీసుకుని 5,25,000 మందిని భారత్‌కు, 3,00,000 మందిని సిలోన్‌కు పంచి, మిగిలినవాళ్ల సంగతి తర్వాత చూద్దామంది. ఆ పంపకంలో పిల్లలకు దక్కిన పేరు ‘సహజ వృద్ధి’. ఒప్పందం నాటికి పుట్టని బిడ్డ కూడా పెద్దల అంకెకు తోకగానే వెళ్లాలి. తనకంటూ కాగితం లేని బిడ్డ రాజ్యం కళ్లకు ఎలా కనబడుతుందో ఆ ఒక్క మాట చెబుతుంది.

దీనికి గట్టి ఎదురుమాట ఉంది. కాగితం ఎప్పుడూ బిడ్డను కాపాడలేదు కదా? 1860 నవంబరులో మద్రాసు నుంచి డర్బన్ చేరిన ట్రూరో ఓడ మొదలు 1911 దాకా 1,52,184 మంది కూలీ ఒప్పందం మీద దక్షిణాఫ్రికాలోని నేటాల్ వెళ్లారు. వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. ఓడ పట్టీల్లో పసిపిల్లలకూ వేరే నంబరు వేశారు, తండ్రి పేరు రాశారు, వయసు రాశారు. ఆ రాత బిడ్డ మేలుకు కాదు, తోట యజమాని లెక్కకు. ఇది కాదనలేను. అయినా ఆ పట్టీలనే పట్టుకుని ఇవాళ అక్కడి మునిమనవలు తమ ఊరు ఏదో వెతుక్కుంటున్నారు. రాసినవాడి ఉద్దేశం చెడ్డదైనా రాత పనికొచ్చింది. సిలోన్‌లో రాత లేనందున ఆ దారీ మూసుకుపోయింది. కాబట్టి అడగవలసింది కాగితం వద్దని కాదు, దాన్ని ఎవరి కోసం, ఎప్పుడు రాస్తున్నారని.

2023 అక్టోబరు 14న నాగపట్నం నుంచి శ్రీలంకలోని కంకేసంతురైకి మళ్లీ ఓడ మొదలైంది. జనగామ నుంచి ఒక కుటుంబం ఆ ఓడ ఎక్కాలంటే ఒళ్లో బిడ్డకు కూడా సొంత పాస్‌పోర్టు ఉండాలి. ఒకప్పుడు తల్లిదండ్రుల పాస్‌పోర్టులోనే పిల్లల పేర్లు చేర్చే పేజీ ఉండేది, ఇప్పుడది లేదు. 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు పాస్‌పోర్టు కోసం పుట్టిన తేదీకి రుజువు జనన ధ్రువపత్రం ఒక్కటే. పేదలకిది భారమన్న మాట నిజం. మహబూబాబాద్ తండాల్లో పుట్టిన ఎందరో పెద్దవాళ్లకు బడిలో చేరిన రోజు పంతులు రాసిన తేదీయే పుట్టినరోజు. అయితే ఆ భారాన్ని తగ్గించే చోటు ఓడరేవు కాదు, పంచాయతీ కార్యాలయం. పుట్టుకను ఇరవై ఒక్క రోజుల్లో నమోదు చేయించాలని చట్టం. మన ఇళ్లలో చాలాచోట్ల బిడ్డకు పేరు పెట్టేది ఇరవై ఒకటో రోజునే. అందుకే ఎన్నో ధ్రువపత్రాల్లో తల్లి పేరు, తండ్రి పేరు ఉండి బిడ్డ పేరు దగ్గర ఖాళీ ఉంటుంది. ఏడాదిలోపు రుసుము లేకుండా ఆ ఖాళీ నింపవచ్చు. ఉయ్యాలలో వేసిన వారంలోనే పంచాయతీ కార్యదర్శి ఆ ఇంటికి వెళ్లి, తల్లి చెప్పిన పేరును అక్షరం తప్పకుండా రాసుకుని రావాలి.