ఎమ్డన్‌కు బొగ్గు ఎక్కడిది?



మన తమిళనాట జిత్తులమారి మనిషిని "సరియాన ఎమ్డన్" అంటారు. తెలుగు మాట్లాడే మన ఇళ్లలోకీ ఆ మాట వచ్చేసింది. అది ఒక జర్మన్ యుద్ధనౌక పేరు. 1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు రేవు ముందుకు వచ్చి, బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకుల మీద వందకు పైగా గుండ్లు వేసి వెళ్లిపోయింది. హైకోర్టు ప్రహరీ దగ్గర దాని గుర్తుగా పెట్టిన పలక ఇప్పటికీ ఉంది. ఇంతవరకూ అందరికీ తెలుసు. ఆ ఓడకు బొగ్గు ఎక్కడిదని మాత్రం ఎవరూ అడగరు.

కొలంబో, ఏడెన్, సింగపూర్, ఎక్కడ చూసినా బొగ్గు గుట్టలు బ్రిటిష్ వాళ్లవే. ఎమ్డన్‌కు ఒక్క రేవూ లేదు. అందుకే మార్కొమానియా అనే బొగ్గు ఓడను వెంటపెట్టుకొని తిరిగింది. తరువాత బ్యూరెస్క్ అనే బ్రిటిష్ ఓడ వేల్స్ బొగ్గుతో సహా చిక్కింది. ఎక్కడైనా అలలు తక్కువగా ఉన్న చోటు చూసుకొని రెండు ఓడలనూ పక్కపక్కన కట్టాలి. నావికులే బొగ్గు బస్తాలకెత్తి, లాగి, మోసి నింపాలి. అల లేస్తే ఓడలు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. పాత లోకో షెడ్డు చూసినవాళ్లకు ఆ నల్లదుమ్ము ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. అక్కడ కాళ్ల కింద నేలైనా కదలదు! అక్టోబరులో డీగో గార్సియా దీవికి పోతే, అక్కడివాళ్లకు యుద్ధం మొదలైన సంగతే తెలియదు. ఎమ్డన్ హాయిగా బొగ్గు వేసుకుంది.

నవంబరు 9న కోకోస్ దీవుల దగ్గర బొగ్గు కోసం బ్యూరెస్క్‌ను రమ్మని వైర్‌లెస్‌లో పిలిచింది. దూరాన పొగ కనబడింది. మన బొగ్గు ఓడే అనుకున్నారు. వచ్చింది ఆస్ట్రేలియా యుద్ధనౌక సిడ్నీ. ఎమ్డన్ కథ ఆ రోజే ముగిసింది.

మూడేళ్లకే, 1917లో, అమెరికా వాళ్ల మామీ అనే నూనె ఓడ అట్లాంటిక్ నడుమ నడుస్తూనే, పక్కన నడిచే యుద్ధనౌకలకు గొట్టంతో నూనె పోసింది. అందులో ఇంజనీరుగా ఉన్న నిమిట్జ్ తరువాత పెద్ద అడ్మిరల్ అయ్యాడు. బొగ్గుతో కాని పని నూనెతో అయింది. ఇంధనం మారితే దాన్ని నింపే పద్ధతీ మారాల్సిందే. నాకు ఈ చరిత్రలో ముఖ్యమనిపించేది ఇదే.

ఇప్పుడు మళ్లీ మారుతోంది. 2050 ప్రాంతానికి ఓడల కర్బన కాలుష్యాన్ని నికరంగా సున్నా చెయ్యాలని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2023లో లక్ష్యం పెట్టింది. కానీ కొత్త ఇంధనాలు నూనెలా నోరు మూసుకొని కూర్చునే రకం కావు. సహజవాయువును ద్రవంగా ఉంచాలంటే మైనస్ 162 డిగ్రీల చలి కావాలి. అమ్మోనియాకు మైనస్ 33 చాలు, అయితే అది విషం. మిథనాల్ మామూలు వేడికే ద్రవంగా ఉంటుంది గనుక ఓడలవాళ్లు దానివైపు చూస్తున్నారు. 2023లో లారా మేర్స్క్ అనే కంటైనర్ ఓడ సింగపూర్‌లో పక్క ఓడనుంచి మిథనాల్ నింపుకుంది. ఒక చిక్కు ఏమిటంటే, అంతే దూరం పోవడానికి నూనెకు రెండింతలకు పైగా చోటు కావాలి. సముద్రంలో తేలే బోయా నుంచి గాలిమరల కరెంటును ఓడలకు ఎక్కించే పనికి 2022లో స్టిల్‌స్ట్రోమ్ అని ఒక డెన్మార్క్ కంపెనీ పుట్టింది. లంగరు వేసి నిలబడిన ఓడ దీపాల కోసం కూడా ఇంజను నడపక్కర్లేదు. దూరప్రయాణానికి మాత్రం అది చాలదు.

మన దగ్గరి సంగతి. వ.ఉ. చిదంబరం పిళ్లై 1906లో స్వదేశీ ఓడల కంపెనీ పెట్టిన తూత్తుకుడిలోనే, ఆయన పేరున్న రేవులో, 750 ఘనమీటర్ల మిథనాల్ కేంద్రానికి 2025లో శంకుస్థాపన చేశారు. మేర్స్క్ వారి పెద్ద ఓడ ఒక్కదాని మిథనాల్ ట్యాంకే 16,000 ఘనమీటర్లు. మొదలు కదా, చిన్నగానే ఉంటుంది.

మన సభ్యుల పిల్లలు ఆ రేవులో పనిలో ఉంటే ఒక్క మాట చెప్పండి. మిథనాల్ మంట పగటి వెలుగులో దాదాపు కంటికి కనబడదు. పొగ చూసి పరుగెత్తే అలవాటు అక్కడ పనికిరాదు. శిక్షణ ఇచ్చాకే గొట్టం పట్టిస్తారా అని ముందే అడగమనండి.