హైదరాబాద్ గజం లెక్క

హైదరాబాద్‌లో ఇళ్ల సంగతి సర్కారు పట్టించుకోవడం 1908 మూసీ వరద తర్వాత మొదలైంది. వేలమందిని పొట్టన పెట్టుకున్న ఆ వరద దరిమిలా నిజాం ప్రభుత్వం 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డును ఏర్పాటు చేసింది. ఇరుకు బస్తీలను తీసేయడం, రోడ్లు వెడల్పు చేయడంతోపాటు ఇళ్లు కట్టి తక్కువ కిరాయికి ఇవ్వడమూ దాని పనే. మల్లేపల్లి లాంటి చోట్ల అలాంటి కాలనీలు వెలిశాయి. 1960లో ఆ బాధ్యత హౌసింగ్ బోర్డుకు వచ్చింది. ఈ రోజు కేపీహెచ్‌బీ కాలనీ అనేవారిలో చాలామందికి ఆ పేరు చివరి ‘హెచ్‌బీ’ ఈ హౌసింగ్ బోర్డుదేనని గుర్తుండదు.

1976 నాటి పట్టణ భూ పరిమితి చట్టం ప్రకారం హైదరాబాద్‌లో ఒకరి చేతిలో 1,000 చదరపు మీటర్లకు, అంటే దాదాపు 1,200 గజాలకు మించి ఖాళీ జాగా ఉండకూడదు. మిగులు భూమి పేదల ఇళ్లకు పోవాలి. కాగితం మీద ఆశయం గొప్పదే. ఆచరణలో చాలా భూమి మినహాయింపుల్లోకి, కోర్టు కేసుల్లోకి జారిపోయింది. పేచీలో ఉన్న జాగాను అమ్మడం కష్టం, కట్టడం ఇంకా కష్టం. దాంతో చిక్కుల్లేని గజం ప్రియమైంది. సామాన్యులు అనుమతుల్లేని శివారు లేఅవుట్లను ఆశ్రయించారు. చట్టాన్ని కేంద్రం 1999లో రద్దు చేసినా, ఆ రద్దును రాష్ట్రం 2008లో గానీ స్వీకరించలేదు.

ఈలోగా రెండు ప్రభుత్వ ఉత్తర్వులు (జీవోలు) నగరం రూపును మార్చాయి. వరదను అదుపు చేయడానికి కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల రక్షణకు 1996లో వచ్చిన జీవో 111 చుట్టుపక్కల 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేసింది. 2006 నాటి జీవో 86ది ఇందుకు పూర్తిగా వేరు దారి. స్థలం విస్తీర్ణాన్ని బట్టి ఎంత కట్టాలన్న పరిమితి తీసేసి, ఎత్తును రోడ్డు వెడల్పుకు, చుట్టూ వదిలే ఖాళీకి ముడిపెట్టింది. ముంబై నగర భాగంలో చాలాకాలం స్థలానికి 1.33 రెట్లే కట్టనిచ్చేవారు. అక్కడి ఇరుకు గదుల ధరకు అదొక కారణం. హైదరాబాద్‌లో అదే జాగాలో ఎక్కువ ఫ్లాట్లు లేచాయి గనుక ఒక్కో ఫ్లాటుపై పడే భూమి ఖర్చు తగ్గింది.

అయితే ఎక్కువ అంతస్తులు కట్టుకోవచ్చని తెలిశాక భూమి అమ్మేవాడు ధర పెంచకుండా ఊరుకుంటాడా? ఇక్కడ అమ్మింది సర్కారే. 2023 ఆగస్టులో కోకాపేటలో ప్రభుత్వ నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ వేలంపాటలో ఒక ఎకరం 100.75 కోట్లు పలికింది. ఎకరానికి 4,840 గజాలు గనుక గజం 2 లక్షలు దాటింది. ఆ ఎకరంలో 4 లక్షల చదరపు అడుగులు కట్టారనుకున్నా, 1,500 అడుగుల ఫ్లాటుకు భూమి ఖర్చే సుమారు 38 లక్షలు. ఒకప్పుడు ఇళ్లు కట్టిచ్చిన హౌసింగ్ బోర్డు కూడా 2025లో కేపీహెచ్‌బీలో మిగిలిన కొన్ని స్థలాలను వేలానికి పెట్టింది.