రంగు కింద గీత

చిన్నప్పుడు కాకినాడ మెయిన్ రోడ్డు పక్కన ఒకాయన నేల మీద ఆంజనేయస్వామిని గీసేవాడు. నాలుగు రంగు సుద్దముక్కలు, ఒక గుడ్డపేలిక, పక్కన జనం వేసిన చిల్లర. మేం చూసింది రంగుల్నే. ఆయన మాత్రం ముందు తెల్ల సుద్దతో భుజం దగ్గర మొదలుపెట్టి, నడుము మీదుగా మోకాలి దాకా ఒక్క గీత లాగేవాడు. అది పడగానే స్వామి నిలబడ్డట్టే. తర్వాత రంగు దాన్ని కప్పేసేది. నాకిప్పటికీ ఆ రంగు మీద చిన్న కోపం.

యూరప్ చిత్రకారులు వాడిన సుద్ద వేరు. నేలలో దొరికే ఎర్ర, నల్ల రాయిని ముక్కలు కోసి వాడేవారు. నొక్కితే ముదురు గీత, పక్కకి వాల్చి రుద్దితే మెత్తటి నీడ. ఎర్ర సుద్దని చెరపడం కష్టం కాబట్టి తడబాటు కూడా కాగితం మీద మిగిలిపోతుంది. సిస్టీన్ చాపెల్ కప్పు మీద లిబియన్ సిబిల్ కోసం 1510 ప్రాంతంలో మైకెలాంజెలో ఎర్ర సుద్దతో వేసిన డ్రాయింగు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. కప్పు మీద ఆమె స్త్రీ, కాగితం మీద కూర్చున్నది మగ మోడల్. వీపు కండరాలకి అంత నీడ దిద్దినవాడు, అదే కాగితం మీద కాలి బొటనవేలిని మళ్ళీ మళ్ళీ గీసుకున్నాడు. ఒంటి బరువంతా ఆ వేలి మీదే కదా ఆగాలి!

మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి గీసే ఆ చదువు మా గోదావరికి బొంబాయి మీదుగా వచ్చింది. రాజమండ్రి కుర్రాడు దామెర్ల రామారావు (1897–1925) ప్రతిభని ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే గుర్తుపట్టాడు. అడివి బాపిరాజుకీ ఆయనే గురువు. ఆయన ప్రోత్సాహంతోనే రామారావు 1916లో జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరాడు. నీడతో గుండ్రదనం తేవడం అక్కడ బాగానే వంటబట్టింది. తిరిగొచ్చాక అందులో కొంత కావాలనే వదిలేశాడనిపిస్తుంది. ఆయన స్త్రీమూర్తుల్లో మెడ నుంచి తుంటి దాకా సాగే పల్చటి గీతే ఆకారాన్ని మోస్తుంది, నీడది సాయం మాత్రమే. అజంతా గుర్తొస్తుంది. మా వీధి ముగ్గులూ గుర్తొస్తాయి, ఇది నా పక్షపాతం అనుకోండి.

ఆయన పేరెత్తితే ‘పుష్పాలంకరణ’ అంటాం. పెన్సిల్ స్కెచ్‌లు వందల్లో ఉన్నా వాటిని తయారీ సామాను కిందే లెక్కేస్తాం. నేనూ చాలాకాలం అంతే. ఇరవై ఎనిమిదో ఏడు నిండకుండానే మశూచితో పోయిన మనిషి విషయంలో ఇది అన్యాయం. ఆయన ఇంకా ఎటు వెళ్ళేవాడో చెప్పగలిగేవి అవే. గీతలో చెయ్యి ఎక్కడ నొక్కింది, ఎక్కడ తేలిపోయింది, ఎక్కడ మనసు మార్చుకుంది అన్నది పూర్తయిన తైలవర్ణంలో కనపడదు.

మొన్న రాజమండ్రి గోదావరి గట్టు మీదున్న ఆయన గ్యాలరీకి వెళ్ళాను. ఒక స్కెచ్ ముందు ఒకావిడ, “ఇది సగంలో ఆపేశారాండీ?” అని అడిగింది. ఏం చెప్పాలో తేల్చుకునేలోపు, ఆవిడే చూపుడువేలితో గాల్లో ఆ వీపు గీతని పైనించి కిందికి గీసుకుంటూ నిలబడిపోయింది.